ఏడాదికి ఒక్కసారి వచ్చే డబ్బును నెలనెలకూ ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న: కళ్యాణదుర్గం విద్యార్థి
నేను అనంతపురంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది వేరుశనగ వేసే కుటుంబం కాబట్టి మా నాన్న నెలనెలా డబ్బు పంపలేరు. పంట అమ్మిన తరువాత నవంబరు చివరలో 36,000 రూపాయలు ఒకేసారి నా ఖాతాలో వేసి, జూన్ దాకా ఇదే అని చెప్పారు. ఇప్పుడు జనవరి ముగిసింది, ఖాతాలో 19,000 మిగిలింది. మెస్ బిల్లు నెలకు 3,000 చొప్పున 6,000 కట్టాను. మిగతా 11,000 దేనికి ఖర్చు చేశానో యూపీఐ చిట్టా తిరగేస్తే పెద్ద ఖర్చు ఒక్కటీ కనిపించలేదు. టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ, టీ, ఆటో, మిత్రుల పుట్టినరోజుల చందా, ఇవే వరుసగా ఉన్నాయి. గదిలోని మిత్రుడు ఒక లోన్ యాప్‌లో వారానికి 3,000 అప్పు తీసుకుంటే చేతికి 2,100 వచ్చింది. పరీక్ష ఫీజు కట్టవలసిన సమయానికి నేను కూడా అలాగే తీసుకోవచ్చా? మళ్లీ నాన్నను అడగడానికి నాకు మనసు రావడం లేదు.

జవాబు: అదే దారిలో నడిచిన సీనియర్, కర్నూలు
తమ్ముడూ, ముందు ఆ యాప్ లెక్క చూడు. చేతికి వచ్చిన 2,100 మీద ఏడు రోజులకు 900 అంటే నూటికి దాదాపు 43 రూపాయలు. మన ఊళ్లలో నెలకు మూడు రూపాయల వడ్డీ అంటేనే ముక్కున వేలేసుకుంటారు కదా, ఇక్కడ వారానికే 43! దాని జోలికి పోవద్దు.

నీది దుబారా కాదని నా అభిప్రాయం. గింజలన్నీ వాకిట్లో పోసుకున్నట్టు డబ్బంతా యూపీఐకి ముడిపడిన ఒకే ఖాతాలో ఉండడమే అసలు చిక్కు. మన పెద్దలు జొన్నలను పాతరలో పోసి, కావలసినప్పుడు కావలసినన్నే తీసేవారు. నీకూ అలాంటి పాతర ఒకటి కావాలి. మిగిలిన 19,000లో అయిదు నెలల మెస్‌కు 15,000, పరీక్ష ఫీజుకు 1,500 పక్కన పెడితే 2,500 మిగులుతుంది. దాన్ని ఇరవై ఒక్క వారాలకు పంచితే వారానికి 120 రూపాయల లోపే వస్తుంది. కష్టమే, కానీ లెక్క అంతే.

జవాబు: డిగ్రీ విద్యార్థిని, కడప
అన్నా, మీ లెక్కలో ఒకటి తప్పింది. వేసవి సెలవుల్లో ఒక నెల ఆయన ఇంట్లోనే ఉంటారు కాబట్టి, మెస్‌లో ముందుగా రాసిచ్చి ఆ నెల పేరు తీయించుకుంటే 3,000 మిగులుతుంది. అప్పుడు 5,500ను పదిహేడు వారాలకు పంచుకోవచ్చు, అంటే వారానికి 320 దాకా వస్తుంది. మా హాస్టల్లో ఈ విషయం తెలియక ఊరికి వెళ్లిన నెలకు కూడా బిల్లు కట్టినవాళ్లు ఉన్నారు, అందులో నేనూ ఒకతెను.

జవాబు: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కడప
బాబూ, వాళ్లు చెప్పిన పాతరకు తపాలా కార్యాలయపు పొదుపు ఖాతా సరిపోతుంది. 500 రూపాయలతో తెరవవచ్చు, వడ్డీ ఏడాదికి 4 శాతం. వడ్డీ కోసం కాదు, దూరం కోసం ఈ మాట చెబుతున్నాను. దాన్ని ఫోన్‌కు ముడిపెట్టకుండా, వారానికి ఒకరోజు పాసుబుక్కుతో వెళ్లి డబ్బు తీసుకుంటే, వరుసలో నిలబడే ఆ అరగంటే నిన్ను సగం ఖర్చుల నుంచి కాపాడుతుంది.

మీ మిత్రుడికి ఒక మాట చెప్పు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చే యాప్‌లు ఫోన్‌లోని నంబర్ల జాబితాను, ఫొటోలను తాకకూడదు, అప్పు ఇచ్చే ముందే మొత్తం ఖర్చును ఏడాది వడ్డీ శాతంగా చూపించాలి. ఇవేవీ పాటించని యాప్ బెదిరింపులకు దిగితే భయపడి మరో యాప్‌లో అప్పు చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి, రిజర్వు బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

వచ్చే ఏడాదికి విద్యారుణం గురించి మీ నాన్నగారితో మాట్లాడు. హాస్టల్, పరీక్ష ఫీజు, పుస్తకాల ఖర్చును కూడా అందులో చేర్చవచ్చు. 4 లక్షల దాకా మన వాటా సొమ్ము పెట్టనక్కరలేదు. అయితే వాయిదాలు చదువు ముగిశాక మొదలైనా వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్కలోకి వస్తుందని మరచిపోకూడదు.

ప్రశ్న అడిగినవారు: కళ్యాణదుర్గం విద్యార్థి
అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు తపాలా కార్యాలయంలో ఖాతా తెరిచి 16,000 అందులో వేశాను. సెలవుల నెలకు పేరు తీయాలంటే పదిహేను రోజుల ముందు రాసివ్వాలని మెస్ నిర్వాహకుడు చెప్పారు. మిత్రుడి అప్పు తీర్చడానికి మా గదిలోని నలుగురం తలా కొంత వేసుకున్నాము, అతను నెలకు 500 చొప్పున వడ్డీ లేకుండా మాకు తిరిగి ఇస్తానన్నాడు. అందువల్ల ఈ నెల నా వారపు ఖర్చు 320 కాదు, 200 మాత్రమే.