ఊరు తానే తుపాకీ పట్టాలా?

కొండగాలి:
పగలు సైన్యం వస్తుంది, రాత్రి తిరుగుబాటుదారులు వస్తారు. పోలీస్ స్టేషన్ ఎక్కడో దూరం. అలాంటి ఊరు ఆత్మరక్షణకి తుపాకీ పడితే తప్పేంటి? పెరూ చూడండి. 1983 ఏప్రిల్‌లో షైనింగ్ పాత్ అనే మావోయిస్టు తిరుగుబాటు పార్టీ వాళ్లు లూకనామార్కా అనే ఊళ్లో, చుట్టుపక్కల 69 మందిని నరికి చంపారు, పసిపిల్లలతో సహా. తర్వాత ఆ ఊరున్న ఆయకుచో ప్రాంతపు కొండల్లో రైతులు ఈటెలు, నాటు తుపాకులతో కాపలా కాశారు. 1991లో ప్రభుత్వం ఆ దళాలకు చట్టబద్ధత ఇచ్చింది, షాట్‌గన్‌లూ పంచింది. అక్కడ షైనింగ్ పాత్ నడుం విరగడంలో వాళ్ల పాత్ర పెద్దది.

చెరువుగట్టు:
లూకనామార్కా కథ సగమే చెప్పారండీ. అంతకుముందు ఊరివాళ్లు ఆ పార్టీ స్థానిక నాయకుణ్ణి చంపారు. ఈ ఊచకోత దానికి ప్రతీకారం.
పెరూ దాకా ఎందుకు, 2005లో ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ అండతో మావోయిస్టులకి వ్యతిరేకంగా మొదలైన సల్వా జుడుం ఉంది కదా. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. అటూ ఇటూ ఉండలేక వేలమంది ఖమ్మం వైపు అడవుల్లోకి పారిపోయి వచ్చారు. ఆదివాసీ కుర్రాళ్లకి ఎస్పీవో (స్పెషల్ పోలీస్ ఆఫీసర్) అని పేరు పెట్టి, నెలకి 3,000 రూపాయలిచ్చి తుపాకీ చేతికిచ్చారు. 2011 జులైలో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. తుపాకులు వెనక్కి తీసుకోమంటూనే, ఆ కుర్రాళ్ల ప్రాణాలకి రక్షణ కల్పించమని కూడా ఆదేశించాల్సి వచ్చింది! తుపాకీ దించినా పగ మిగులుతుంది మరి.

కొండగాలి:
ఒప్పుకుంటాను, అది పైనుంచి నడిపిన వ్యవహారం. కానీ ఖాళీ చేతులతో ఏం చేస్తారు?

నూలుపోగు:
కొలంబియాలో సాన్ హొసే దె అపార్తాదో అనే చోట రైతులు 1997లో తమది శాంతి సమాజమని ప్రకటించుకున్నారు. దారి మొదట్లోనే బోర్డు: ఆయుధం పట్టం, యుద్ధంలో నేరుగా గానీ పరోక్షంగా గానీ పాల్గొనం, ఏ పక్షానికీ సమాచారం ఇవ్వం. ఈ మూడోది పాటించడమే అన్నిటికన్నా కష్టమని నాకనిపిస్తుంది. రాత్రి వచ్చినవాళ్లకి అన్నం పెడితే, తెల్లారి వచ్చినవాళ్లు కడగని గిన్నెలు లెక్కపెడతారు. "ఎంతమంది తిన్నారు?" అంటే ఏం చెప్పాలి?

చెరువుగట్టు:
అదీ అసలు సంగతి.

కొండగాలి:
ఆ బోర్డు వాళ్లని కాపాడిందా? 2005 ఫిబ్రవరిలో అక్కడ ఎనిమిది మందిని చంపారు, అందులో పిల్లలున్నారు. చంపినవాళ్లు పారామిలిటరీలు, అంటే అక్కడ తిరుగుబాటుదారులకి వ్యతిరేకంగా పనిచేసే ప్రైవేటు సాయుధ ముఠాలు; పక్కన సైనికులు.

నూలుపోగు:
కాపాడిందని నేననలేదండీ. వాళ్లు చాలామందిని పోగొట్టుకున్నారు. నా పాయింట్ వేరు. యుద్ధం ఒకేలా ఉండదు. 2016లో అక్కడి తిరుగుబాటు దళం ఫార్క్ ప్రభుత్వంతో శాంతి ఒప్పందం చేసుకుని తప్పుకుంది, ఆ ప్రాంతంలో వేరే ముఠా బలపడింది. ఒక పక్షాన తుపాకీ పట్టిన ఊరైతే అప్పుడు ఎవరి వెనక దాక్కుంటుంది? బోర్డు మీద ఎవరి పేరూ లేదు కాబట్టి మార్చాల్సిన పనే పడలేదు.

కొండగాలి:
వచ్చేవాడికి బోర్డు లెక్కలేకపోతే?

నూలుపోగు:
అందుకే వాళ్లు ఒక్క బోర్డునే నమ్ముకోలేదు. విదేశీ వాలంటీర్లు ఏళ్ల తరబడి వాళ్లతో పాటు ఆ దారుల్లో నడుస్తున్నారు, వాళ్ల చేతుల్లోనూ ఆయుధాలు లేవు. బయటి దేశపు సాక్షి పక్కనుంటే తుపాకీ ఎత్తేవాడు కాస్త ఆగుతాడని లెక్క. ప్రతిసారీ ఆగలేదు లెండి.