కోతికి బేరం తెలుసా?

రిటైర్డ్_జువాలజీ: బాలి ద్వీపంలో ఉలువాటు గుడి దగ్గర కోతులు చూడవచ్చినవాళ్ల ఫోన్లు, కళ్లజోళ్లు గుంజుకుని తిండి ఇస్తేనే వదులుతాయి. 2021లో అచ్చయిన పరిశోధన ప్రకారం పెద్ద కోతులు మనకు ఏది విలువైనదో గుర్తుపట్టి దాన్నే గుంజుతాయి, ఎక్కువ తిండి చూపించేదాకా వదలవు. పిల్ల కోతులకు ఆ తేడా అంతగా తెలియదు, పెరిగేకొద్దీ నేర్చుకుంటాయి. ఇది బేరం కాకపోతే ఇంకేంటి?

లెక్కలబాబు: అలవాటు సార్. ఫోన్ ఇస్తే పండు ఎక్కువ వచ్చింది, మళ్లీ ఫోనే పట్టుకుంది. బేరం అంటే అవతలివాడి మనసులో ఏముందో తెలియాలి.

మక్కచేను: బాలి దాకా ఎందుకు, మా చేనుకు రండి. నేను వడిసెల పడితే లేచిపోతయి, మా ఆవిడ పడితే కూర్చున్నకాడ నుంచి కదలవు, ఆమె రాయి దూరం పోదని తెలుసు వాటికి. కంకి ఒలిచి రెండు గింజలు కొరికి పడేసి ఇంకోటి విరుస్తయి. ఆకలైతే మొత్తం తినాలె కదా?

వడియాల_అక్క: మా డాబా మీద అప్పడాలు ఏ టైంకు ఎండుతాయో నాకన్నా వాటికే బాగా తెలుసు 😀

లెక్కలబాబు: మనిషిని గుర్తుపట్టడం వేరు, బేరం వేరు. ఇందాకటి నుంచి అదే చెప్తున్నా.

రిటైర్డ్_జువాలజీ: గుర్తుపట్టడాన్ని అంత తేలిగ్గా తీసేయకు బాబూ. 2006లో సియాటిల్‌లో యూనివర్సిటీ వాళ్లు ఒక బొమ్మ ముఖం మాస్క్ పెట్టుకుని 7 కాకులను పట్టి వదిలారు. ఏళ్ల తర్వాత కూడా ఎవరు ఆ మాస్క్ పెట్టుకుని నడిచినా కాకులు మీదికొచ్చి అరిచేవి, పట్టుబడనివి కూడా. అంటే ఒకదాన్ని చూసి ఇంకోటి నేర్చుకుంది. అందుకే అంటున్నా, రాయి విసిరే ముందు మనం కొంచెం ఆలోచించాలి.

లెక్కలబాబు: కాకి మాటెందుకు సార్ మధ్యలో? బేరం అనే పదం మీరే వాడారు, దానికి జవాబు చెప్పండి.

మక్కచేను: బేరం బేరం అని ఎంతసేపు తమ్మీ, నీ చేను పోయిందా? ఎకరంన్నర పోయింది నాది. సార్ ఏమో రాయి విసరొద్దంటున్నరు. ఇవి మా గుట్ట మీది కోతులు కావు సార్. అవి మనిషిని చూస్తే ఉరికేవి. నాలుగు నెలల కింద రాత్రి పదింటికి ట్రాలీ ఆటోల బోన్లు తెచ్చి వదిలిన్రు, నేనే చూసిన. సిటీ కోతులు, సద్ది సంచి జిప్పు పట్టి గుంజి తీస్తయి. పొద్దున కోడలు స్టీల్ డబ్బా మూత పెట్టి తాడు కడితే ముడి కూడా విప్పినయి. వాటికి తెలివి లేదని నేనెప్పుడన్నా? ఎవలు నేర్పిన్రు, ఎవలు తెచ్చి నా నెత్తిన పడేసిన్రు అని అడుగుతున్న.

వడియాల_అక్క: అయ్యో అన్నా.

లెక్కలబాబు: అది వేరే టాపిక్ అన్నా, కొత్త థ్రెడ్ పెట్టు.

మక్కచేను: ఇదే టాపిక్.

రిటైర్డ్_జువాలజీ: మా హన్మకొండ కాలనీలో కూడా ఇంటికి మూడు వందలు వేసుకుని పట్టించాం. నేనూ ఇచ్చాను. కొట్టకుండా, చంపకుండా అడవిలో వదులుతామంటేనే ఇచ్చాను.

మక్కచేను: ఏ అడవిల సార్?

రిటైర్డ్_జువాలజీ: పాకాల వైపు అన్నారు.

మక్కచేను: పాకాల పోయే తొవ్వలనే మా ఊరు.