ల్యూటన్ టౌన్ 2023-24: దిగిపోయిన జట్టుకి ఇంత మెచ్చుకోలెందుకు?

కృష్ణాతీరం:
2023-24 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ టేబుల్ చూస్తే ల్యూటన్‌ది 18వ స్థానం, 26 పాయింట్లు, 24 ఓటములు. 20 జట్లలో చివరి మూడు కింది డివిజన్‌కి దిగిపోతాయి కాబట్టి ఇదీ దిగిపోయింది. అయినా ఇక్కడ చాలామంది ఆ సీజన్ గురించి ఎంతో ఇష్టంగా రాస్తుంటారు. ఆ మ్యాచ్‌లు నేను చూడలేదు. అంత ఏముందో చూసినవాళ్లు కాస్త చెప్తారా?

బరీపార్క్‌వాసి:
అప్పుడు నేను ల్యూటన్‌లోనే ఎమ్మెస్సీ చదువుతున్నానండీ, రూము బరీ పార్క్‌లో. కెనిల్‌వర్త్ రోడ్ స్టేడియం ఆ పేటలోనే. ఓక్ రోడ్ వైపు గేటు వరస ఇళ్ల మధ్యలో ఉంటుంది. ఇనుప మెట్లెక్కి స్టాండ్‌లోకి వెళ్తుంటే కింద పెరళ్లలో ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. గట్టిగా పన్నెండు వేలమంది పట్టని ఆ గ్రౌండ్‌లో లివర్‌పూల్, ఆర్సెనల్ చెమటోడ్చాల్సి వచ్చింది. 2014 దాకా ఈ క్లబ్ ఐదో డివిజన్‌లో ఉండేది. పెల్లీ రడ్డాక్ ఎంపాంజు అక్కణ్నుంచి ప్రీమియర్ లీగ్ దాకా ఇదే జెర్సీతో వచ్చాడు.

ఇక పాయింట్ల సంగతి. మా చోంగ్ గోల్‌తో లివర్‌పూల్ మీద గెలవబోతుంటే 95వ నిమిషంలో వాళ్ల డియాజ్ 1-1 చేశాడు. ఆర్సెనల్‌తో 3-3 ఉండగా 97వ నిమిషంలో వాళ్ల డెక్లన్ రైస్ తలతో కొట్టేశాడు. న్యూకాజిల్‌లో 4-2 ముందుండి 4-4. బోర్న్‌మత్‌లో హాఫ్‌టైమ్‌కి 3-0, చివరికి 3-4. గెలుపుకి 3, డ్రాకి 1 లెక్కన ఈ నాలుగూ నిలబెట్టుకుంటే ఇంకో 8 పాయింట్లు, మొత్తం 34. 17వ స్థానంలో బతికిపోయిన నాటింగమ్ ఫారెస్ట్‌వి 32.

ఆ బోర్న్‌మత్ మ్యాచ్ మొదట డిసెంబర్ 16న జరిగింది. 1-1 ఉండగా కెప్టెన్ టామ్ లాకియర్ గుండె ఆగి మైదానంలోనే కూలిపోయాడు. బతికాడు, అదే పదివేలు. మ్యాచ్ ఆపేసి మార్చి 13న మొదటినుంచీ ఆడించారు. వెనక నిలబడి అరిచి సర్దే మనిషి లేకపోవడం వల్లే జట్టు చెదిరిందని నా నమ్మకం.

థర్డ్‌మ్యాన్:
అన్నా, పోయినవే లెక్కేస్తే ఎలా? క్రిస్టల్ ప్యాలెస్ జట్టు గ్రౌండ్‌లో 96వ నిమిషంలో ల్యూటన్ ఆటగాడు వుడ్రో కొట్టబట్టి ఒక పాయింటు వచ్చింది. ఫారెస్ట్‌తో రెండు మ్యాచ్‌లూ ఆఖర్లోనే డ్రా చేసుకున్నారు. పైగా లివర్‌పూల్, ఆర్సెనల్ మ్యాచ్‌లు లాకియర్ పడిపోకముందువి. అసలు జబ్బు 85 గోల్స్ ఇచ్చుకున్న డిఫెన్స్‌ది. ఫారెస్ట్‌కి 4 పాయింట్ల కోత పడినా వీళ్లు అందుకోలేకపోయారు.

బరీపార్క్‌వాసి:
డిఫెన్స్ పల్చనే తమ్ముడూ, కాదనను. కానీ కొట్టినవి 52. ఫారెస్ట్ 49, ఎవర్టన్ 40. అందరికన్నా తక్కువ డబ్బుతో వచ్చి కూడా అప్పటి మేనేజర్ రాబ్ ఎడ్వర్డ్స్ గోల్ ముందు గోడ కట్టి కూర్చోలేదు, ఎదురెళ్లి ఆడించాడు. నాకు నచ్చింది అదే.

కృష్ణాతీరం గారూ, ఒక్క మ్యాచ్‌కే టైముంటే జనవరి 30న బ్రైటన్ మీద 4-0 చూడండి. 18 సెకన్లకే అడెబాయో గోల్, మూడో నిమిషంలో ఓగ్బెనేది రెండోది. తర్వాత అడెబాయో హ్యాట్రిక్ కూడా పూర్తిచేశాడు.