సమస్యాపూరణం: పిల్లి పోయగానె బిందె నిండె

పర్లాకిమిడి (సమస్య ఇచ్చినవారు)

ఈ వారం సమస్య ఇది:

*పిల్లి పోయగానె బిందె నిండె*

ఇది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడూ మీరు రాయాలి. ఐదూ సూర్యగణాలే, యతి పి–బి. అరసున్నాలు పెట్టకపోయినా ఫర్వాలేదు.

మొన్న మా పెరటి పిల్లి ఖాళీ ఇత్తడి బిందెలో దూరి పడుకుంది. పైనుంచి చూస్తే మూతి దాకా పిల్లే. ఎవరో పోసినట్టే ఉంది. ఇలాంటి చూపు నాకొక్కడికే వచ్చింది కాదు. మార్క్ ఆంటోయిన్ ఫర్దాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ‘పిల్లి ఘనమా, ద్రవమా’ అని లెక్కలు కట్టి రాస్తే 2017లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. సమస్యాపూరణం పని కూడా అదే అని నా నమ్మకం. అసాధ్యంగా కనిపించే మాటని ఎక్కడ విరిస్తే నిజమవుతుందో పట్టుకోవాలి.

ఒక షరతు. ‘కలలో చూశాను’, ‘సినిమాలో చూశాను’, ‘తాగినవాడు అన్నాడు’ అనే తోవలు వద్దు.

రాయగడ

మాస్టారూ, నమస్కారం. నా పూరణ:

*పాత్ర యెట్టులుండు పానీయ మటులుండు*
*ద్రవపు లక్షణంబు తథ్య మదియె*
*పెరటి పిల్లి మీద పెట్టి చూచితి నేడు*
*పిల్లి పోయగానె బిందె నిండె*

మార్జాలం అంటేనే ‘మారే జాలం’ కదా. రూపం మార్చుకునే మాయ అని అర్థం చెప్పుకోవచ్చు. అందుకే అది ద్రవం అని నా సిద్ధాంతం.

పర్లాకిమిడి

మొదటి పాదం నోటికి పట్టేసింది. పాత్ర, పానీయం, యతి, భావం అన్నీ ఒకచోట కుదిరాయి. మూడో పాదంలో మాత్రం లోటుంది. ఏది పెట్టి చూశారో పద్యంలో లేదు. ‘నేడు’ తీసి ‘దాని’ అనండి. ‘పెట్టి చూచితి దాని’ అంటే లక్షణాన్ని పరీక్షించారని తెలుస్తుంది, సలగణం చెడదు.

మార్జాలం సంగతి. సంస్కృతంలో ‘మృజ్’ అంటే తుడుచుకోవడం, శుభ్రం చేసుకోవడం. దాని నుంచి మార్జారం, దాని మరో రూపం మార్జాలం. ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకునే జీవికి ఎంత సరైన పేరు! ‘మారే జాలం’ వ్యుత్పత్తిగా నిలవదు, శ్లేషగా నిలుస్తుంది. పద్యంలోకి తెస్తే మెచ్చుకుంటాను, నిఘంటువులోకి తేవద్దు.

బరంపురం

*నిన్న రాత్రి కలను నిజమన్నటుల వింత*
*పాల వాన కురిసె మా పల్లెలోన*
*మబ్బు నుండి పిల్లి మా యింట బడె నమ్మ*
*పిల్లి పోయగానె బిందె నిండె*

షరతు చదవకముందే రాసేశాను సార్, క్షమించాలి.

పర్లాకిమిడి

తమ్ముడూ, కల కాబట్టి పోటీకి తీసుకోలేను. కానీ నీ నడక బాగుంది, అందుకే చెప్తున్నాను. రెండో పాదంలో ‘మా’ ఎక్కువైంది. అది తీసెయ్. పాల, వాన, కురిసె, పల్లె, లోన. ఐదు సూర్యగణాలు సరిపోతాయి, పా–ప యతి దానంతటదే వస్తుంది. కలని ఎందుకు వద్దంటున్నానంటే, కలలో ఏదైనా జరుగుతుంది కాబట్టి అక్కడ సమస్యే ఉండదు.

గుణుపురం

అన్నయ్యగారూ, ఇది మా అమ్మాయిది. ఏడో తరగతి. బళ్లో ఒడియా మీడియం కాబట్టి పద్యాన్ని ఒడియా లిపిలో రాసింది, నేను తెలుగులోకి ఎక్కించాను. గురువు, లఘువు వాళ్ల మామ్మ దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టి నేర్చుకుంది.

*ఉట్టి మీది కుండ నొడుపుగ వంచెను*
*పాలు జారి జారి పారుచుండ*
*బిందె పెట్టె నవ్వ వేగమే యడుగున*
*పిల్లి పోయగానె బిందె నిండె*

పర్లాకిమిడి

అమ్మా, ఈ పద్యం నాలుగుసార్లు పైకి చదివాను. మేమంతా పిల్లిని ఎవరో పోశారనే అనుకున్నాం. మీ అమ్మాయి పిల్లినే కర్తని చేసింది. పోసింది పిల్లి! విరుపు లేదు, శ్లేష లేదు, సమస్య దానంతటదే విడిపోయింది. ‘కుండను + ఒడుపుగ’ దగ్గర ఉ–ఒ స్వరయతి కూడా సరిగా ఉంది. పిల్లి శాపాలకి ఉట్లు తెగవంటారు. ఈ పిల్లి శాపం పెట్టలేదు, కుండ వంచేసింది. ‘జారి జారి’ అనే మాటలో పాల చప్పుడు వినబడుతోంది.

బళ్లో బిలేయి, ఇంట్లో పిల్లి అంటూ పెరుగుతున్న పిల్ల. లిపి ఏదైనా గణం చెవిలో పడింది, అది చాలా పెద్ద విషయం. అక్షరాలు మెల్లగా నేర్పండి. ఈ వేసవిలో మా ఇంటికి పంపితే నేను నేర్పుతాను.

జయపురం

నేను ఇంజినీరుని, లెక్క నుంచి వచ్చాను. పదార్థం సర్దుకోవడానికి పట్టే కాలాన్ని మనం గమనించే కాలంతో భాగిస్తే వచ్చేది డెబొరా సంఖ్య. అది ఒకటి కన్నా బాగా చిన్నదైతే వస్తువు ద్రవంలా, బాగా పెద్దదైతే ఘనంలా కనిపిస్తుంది. ఫర్దాన్ పట్టుకున్నది ఇదే. దూకుతున్న పిల్లి ఘనం, బుట్టలో కునుకు తీస్తున్న పిల్లి ద్రవం.

*తొందరించ గట్టి, తోడనె రక్కును*
*వేచియున్న మెత్త, వెన్నవోలె*
*కాలమెంత చూచు కన్నుల బట్టియే*
*పిల్లి పోయగానె బిందె నిండె*

రాయగడ

రెండు పాదాలు అద్భుతంగా ఉన్నాయి. ఒక సందేహం. ‘పోయగానె’ అంటే వెంటనే అని కదా? మీ సిద్ధాంతం వేచి ఉండమంటోంది. వెంటనే పోస్తే పిల్లి రక్కాలి, బిందె నిండకూడదు.

పర్లాకిమిడి

ఈ వారం వచ్చిన విమర్శల్లో గట్టిది ఇదే. పద్యం తన భౌతికశాస్త్రానికి తానే అడ్డం పడింది. మూడో పాదం మార్చాలి. ఆ ఎదురుచూపంతా పోయకముందే జరిగిపోవాలి.

జయపురం

ఒప్పుకుంటున్నాను. మార్చాను:

*తొందరించ గట్టి, తోడనె రక్కును*
*వేచియున్న మెత్త, వెన్నవోలె*
*నిద్ర పట్టినాక నెమ్మదిగా నెత్తి*
*పిల్లి పోయగానె బిందె నిండె*

బరంపురం

‘పట్టినాక’ పద్యంలో చెల్లుతుందా సార్?

పర్లాకిమిడి

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఆ మాట కాదనలేను. ఆయన వాడుకభాష పోరాటం ప్రధానంగా వచనం కోసమే, నిజమే. కానీ ఇక్కడ ‘పట్టిన పిదప’ అంటే నిద్రపోతున్న పిల్లి లేచి కూర్చుంటుంది. ‘పట్టినాక’ ఉండనివ్వండి.

ఇంకో మాట. పిల్లి ఇంతలా ఒదగడానికి కారణం ఒంట్లోనే ఉంది. దాని కాలర్‌బోన్ (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) మనకిలా భుజానికి బిగిసి ఉండదు, కండరాల్లో తేలుతూ ఉంటుంది. తల పట్టిన సందులో భుజాలు కూడా మడిచి దూరిపోతుంది. వెన్నెముక ఎటు వంచితే అటు వంగుతుంది.

రాయగడ

ఇంకొకటి రాశాను. ఇందులో పిల్లి లేదు.

*అవ్వ చలికి లేచి యా మహేంద్రతనయ*
*నీరు ముంచి తెచ్చె నెత్తి మీద*
*కడవ వంచి యింట గడగడ చేయి కం*
*పిల్లి పోయగానె బిందె నిండె*

పర్లాకిమిడి

కంపిల్లి! చేయి వణికి నీళ్లు పోసింది అవ్వ. పాదం చివర మాట విరిగిన చోట పిల్లి మాయమైపోయింది. ‘గడగడ’ అన్న చోట అవ్వ వణుకూ నీళ్ల చప్పుడూ కలిసి వినిపించాయి. మన ఊరి నది పేరు ఆ గణంలో అంత చక్కగా ఇముడుతుందని నాకిన్నాళ్లూ తోచలేదు. ఆ మహేం–ద్రతనయ. రగణం, నలం.

ఇప్పుడు సమస్యలో నేను పెట్టిన చిన్న కీలు చెప్తాను. మనం ‘నీళ్లు పోశాను’ అంటాం, ‘నీళ్లని పోశాను’ అనం. ప్రాణమున్నదైతే ‘పిల్లిని పట్టాను’ అనే అంటాం. సమస్యలో ‘పిల్లిని’ అనకుండా ‘పిల్లి పోయగానె’ అని ఇచ్చాను. అంటే ఆ వాక్యంలో పిల్లిని నీళ్ల వరసలో కూర్చోబెట్టాను. ఆ ‘ని’ లేకపోవడం వల్లే గుణుపురం అమ్మాయికి కర్త దొరికింది, రాయగడ వారికి కంపిల్లి దొరికింది.

నాకు బాగా నచ్చినవి ఈ రెండే. ఒకటి ఎంచమంటే అమ్మాయి పద్యమే ఎంచుతాను. కంపిల్లికి పాండిత్యం కావాలి, అమ్మాయి పద్యానికి ఉట్టి కింద నిలబడి చూసిన కన్ను కావాలి.

బరంపురం

సార్, పిల్లిమొగ్గ మీద ఒక సమస్య ఇవ్వండి. 1894లో, మా బరంపురంలో వి.వి.గిరి గారు పుట్టిన ఏడాదే, ఫ్రాన్స్‌లో ఎతియెన్ జూల్ మారే అనే ఆయన పడుతున్న పిల్లిని వరసగా ఫొటోలు తీశాడు. మారే తీసిన పిల్లి, గాల్లో మారే పిల్లి.

పర్లాకిమిడి

ఇలాంటి శ్లేష పద్యంలో పెట్టు తమ్ముడూ! ఆ ఫొటోలు పెద్ద చిక్కే తెచ్చాయి. దేన్నీ ఆనుకోకుండా గాల్లో ఎలా తిరిగింది? నడుం దగ్గర వంగి, ముందు సగం ఒక వైపు, వెనక సగం ఇంకో వైపు మెలితిప్పుతుంది. కేన్, షేర్ అనే పరిశోధకులు 1969లో దానికి పూర్తి లెక్క కట్టారు.

దాని పక్కనే ఒక తుంటరి సిద్ధాంతం తిరుగుతోంది. రొట్టె ఎప్పుడూ నెయ్యి రాసిన వైపే కింద పడుతుంది, పిల్లి ఎప్పుడూ కాళ్ల మీదే పడుతుంది, కాబట్టి పిల్లి వీపుకి నేతి రొట్టె కడితే ఏదీ నేలని తాకకుండా గాల్లోనే తిరుగుతుందట. రొట్టె సంగతిలో తప్పు నెయ్యిది కాదు. బల్ల ఎత్తు నుంచి జారితే నేల చేరేలోపు దానికి అరచుట్టు తిరిగేంత వ్యవధే ఉంటుంది. రాబర్ట్ మాథ్యూస్ 1995లో ఈ లెక్క చూపించాడు.

వచ్చే వారం సమస్య:

*నేతి రొట్టె పిల్లి నేల బడదు*

గుణుపురం

అన్నయ్యగారూ, అమ్మాయి అడుగుతోంది. రొట్టెకి రెండు వైపులా నెయ్యి రాయొచ్చా అని.

పర్లాకిమిడి

రాసుకోమనండమ్మా. రెండో పాదంలో సూర్యగణాలు మాత్రం ఐదే ఉండాలి.