కొరియాలో ఉండగా మీ చెవిన పడి, ఇక వదలని పాట ఏది?

డేజాన్_ల్యాబ్
అందరికీ నమస్కారం. డేజాన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, వచ్చి రెండున్నరేళ్లయింది. రాకముందు నాకు తెలిసిన కొరియా సంగీతం అంటే 2012లో ఊరూవాడా మోగిన గంగ్నమ్ స్టైల్, మా చెల్లి ఫోన్‌లో బీటీఎస్. అంతే. ఇప్పుడు నా ఫోన్‌లో తెలుగు పాటలెన్నో కొరియా పాటలూ అన్నే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం రాక్ బ్యాండ్లవి.

మొదటిది ఎలా దొరికిందో చెప్తాను. ల్యాబ్‌లో ఒక పేపర్ యాక్సెప్ట్ అయిన రోజు ప్రొఫెసర్ గారు అందరికీ భోజనం పెట్టించారు. ఆ తర్వాత సీనియర్లు నన్ను నొరెబాంగ్‌కి తీసుకెళ్లారు. చిన్న గది అద్దెకు తీసుకుని, తెర మీద మాటలు చూస్తూ మైకులో పాడుకునే చోటు అది. రోజంతా కంప్యూటర్ ముందు నోరు విప్పని సీనియర్ ఒకాయన మైకు అందుకుని జావురిమ్ అనే బ్యాండ్ పాట పాడారు. పేరుకు అర్థం ‘ఇరవై ఐదు, ఇరవై ఒకటి’. నాకు ఒక్క ముక్క తెలియలేదు, కానీ అప్పటిదాకా గోల చేస్తున్న గది మొత్తం చప్పుడు లేకుండా విన్నది. మర్నాడు అడిగితే పాట పేరు కొరియా లిపి హంగుల్‌లో చీటీ మీద రాసిచ్చారు. 2013 నాటి పాట. పాడినావిడ కిమ్ యునా. ఆ బ్యాండ్ 1997 నుంచి ఉందని తెలిశాక ఒక్కో ఆల్బమే వెనక్కి వింటూ పోయాను. ఆ చీటీ ఇంకా నా టేబుల్ మీదే ఉంది.

మీకెలా దొరికాయి? యాప్ చూపించినవి కాకుండా, మనుషుల వల్లో ఉన్న ఊరి వల్లో దొరికినవి చెప్పండి.

సువన్_ఉద్యోగి
నాకు దారిలో దొరికింది తమ్ముడూ. నేను వచ్చింది మార్చి నెలాఖరులో. కాఫీ షాపులో, కిరాణా కొట్టులో, బట్టల దుకాణంలో, ఎక్కడికెళ్లినా ఒకటే పాట. బస్కర్ బస్కర్ అనే బ్యాండ్ 2012లో చేసిన చెర్రీ పూల పాట. అప్పటి నుంచి ఏటా పూలు పూసే వేళకు అది మళ్లీ చార్టులెక్కుతూ ఉంటుంది. అలా రాసినాయనకు ఏటా డబ్బు వస్తుందని ఇక్కడివాళ్లు దానికి ‘చెర్రీ పూల పింఛను’ అని పేరు పెట్టారు. మనకు ఉగాది ముందు కోయిల కూసినట్టు, ఆ పాట వినపడితే చలి తగ్గిందని నాకిప్పుడు తెలిసిపోతుంది.

బుసాన్_అల
నా కథ బేస్‌బాల్ స్టేడియంలో మొదలైంది. మా ఇంటి ఓనరు డెబ్బై దాటిన పెద్దావిడ. హల్మొని అని పిలుస్తాను, అంటే బామ్మ. ఒక ఆదివారం తనతో పాటు సాజిక్ స్టేడియంకి రమ్మన్నారు. నాకు ఆట నియమాలు తెలియవు. అక్కడ తెలుసుకోవలసిన పనే పడలేదు. బ్యాటింగ్‌కి వచ్చే ప్రతి ఆటగాడికీ ఒక సొంత పాట ఉంటుంది, జనం అంతా నిలబడి పాడతారు. చివరికొచ్చేసరికి ‘బుసాన్ గల్మెగి’ ఎత్తుకున్నారు. గల్మెగి అంటే సముద్రపు కాకి. 1980ల నాటి పాట, ఇప్పుడు ఇక్కడి బేస్‌బాల్ జట్టు లోటే జెయింట్స్ అభిమానులందరికీ అదే జెండా లాంటిది. హల్మొని నా చెయ్యి పట్టుకుని ఒక్కో మాట పలికిస్తూ పాడించారు. ఊళ్లో ఎవరూ లేని నేను ఆ రోజు అంతమంది మధ్య నిలబడి పాడాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

ఐయూ_చెల్లి
నాది డ్రామాల దారి. ఐయూ అనే గాయని నటన చూసి ఆమె పాటలకొచ్చాను. 2014లో ఆమె పాత పాటలు మళ్లీ పాడి ఒక ఆల్బమ్ చేసింది. అందులో సనుల్లిమ్ అనే బ్యాండ్ పాటకు ఆ బ్యాండ్ కిమ్ చంగ్‌వాన్ గారే వచ్చి గొంతు కలిపారు. సనుల్లిమ్ ముగ్గురు అన్నదమ్ముల బ్యాండ్, 1977లో మొదటి రికార్డు. డ్రామా నుంచి నలభై ఏళ్ల నాటి రాక్ దాకా నన్ను తీసుకెళ్లిన పాట అది.

రాక్_పిచ్చి
సనుల్లిమ్ పేరు ఎవరో ఒకరు ఎత్తుతారని చూస్తున్నాను! సోల్‌లో ఆరేళ్లున్నాను. హ్వెహ్యన్ స్టేషన్ దగ్గర నేల కింద ఒక షాపింగ్ వరస ఉంది. పాత నాణేలు, స్టాంపుల కొట్ల పక్కనే ఎల్‌పీ రికార్డుల కొట్లు. శనివారం మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిపాను. ఒక కొట్టాయన, నాకు కొరియా భాష అంతంతమాత్రమే అని తెలిసి కూడా, ఒక్కో రికార్డు పెట్టి వినిపించి “వరసగా విను, వరస తప్పితే అర్థం కాదు” అనేవారు. ఆయన చెప్పిన వరస ఇక్కడ పెడతాను. నేను ఇక్కడ నేర్చుకున్నవాటిలో దీనికంటే విలువైనది లేదు.

మొదట షిన్ జుంగ్‌హ్యన్. కొరియా యుద్ధం ముగిశాక 1950లలో అమెరికా ఎనిమిదో సైన్యం శిబిరాల్లో సైనికుల కోసం గిటార్ వాయించి రాక్ నేర్చుకున్న మనిషి. దాన్ని అక్కడితో వదలకుండా కొరియా మాటకూ స్వరానికీ తగ్గట్టు మలిచారు. 1974లో వచ్చిన ‘మీయిన్’ పాట ఆరంభంలో ఆ గిటార్ వినండి, చాలు. అధ్యక్షుడు పార్క్ చుంగ్‌హీని పొగుడుతూ పాట కట్టమంటే ఆయన కాదన్నారు. దాని బదులు దేశంలోని కొండలూ నదుల అందం మీద పాట రాశారు. 1975లో ఆయన పాటలు నిషేధించారు, గంజాయి కేసులో అరెస్టు చేశారు. పార్క్ 1979లో హత్యకు గురయ్యేదాకా ఆయనకు స్టేజీ లేదు.

ఆయన కొడుకు షిన్ దెచల్ 1980లలో షినావీ అనే హెవీ మెటల్ బ్యాండ్ పెట్టాడు. అందులో కొంతకాలం బాస్ గిటార్ వాయించిన కుర్రాడే సొ తెజి. అతను 1992లో ఇంకో ఇద్దరితో కలిసి ర్యాప్, డాన్స్, రాక్ కలిపిన పాటలతో వచ్చి దేశాన్ని ఊపేశాడు. ఆ ఇద్దరిలో ఒకరు తర్వాత వైజీ అనే సంగీత కంపెనీ పెట్టారు, బిగ్‌బ్యాంగ్ అనే పాప్ బృందం అందులోంచే వచ్చింది. ఆ బిగ్‌బ్యాంగ్ 2008లో, ‘ఈ మున్‌సె’ అనే గాయకుడు 1988లో పాడిన సాయంసంధ్య పాటను మళ్లీ చేసింది. మా కొట్టాయన ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి పెట్టి నా మొహం చూసేవారు.

కాబట్టి ఐడల్ పాటలు, అంటే కంపెనీలు తయారుచేసే పాప్ బృందాల పాటలు వేరు, రాక్ వేరు అనుకోకండి. వేర్లు అల్లుకుపోయి ఉన్నాయి.

సరిగమ_ఇంచన్
రాక్_పిచ్చి గారూ, చదివి పాటలన్నీ రాసిపెట్టుకున్నాను. కొరియా స్వరం అన్నారు కదా, నాకు తోచింది చెప్తాను. చిన్నప్పుడు ఏడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఇక్కడ ‘అరిరంగ్’ అనే జానపద పాట మొదటిసారి విన్నప్పుడు ఉలిక్కిపడ్డాను. అందరూ పాడే ఆ వరసలో ఉన్నవి మన మోహన రాగంలోని ఐదు స్వరాలే. గమకాలు వేరు, నడక వేరు. అయినా చెవికి చుట్టరికం తెలుస్తుంది.

పెనుకొండ_నుంచి
నేను కొరియా వెళ్లలేదు, రాయొచ్చా? మాది పెనుకొండ దగ్గర పల్లె. 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి ఇక్కడ కొరియా వాళ్లు బాగా ఉన్నారు, మా వైపు కొరియా హోటళ్లు కూడా వచ్చాయి. నేను ఒక కొరియా సార్‌కి కారు నడిపేవాణ్ని. ఆయన కారెక్కితే కిమ్ క్వాంగ్‌సొక్ పాటలే. ఒంటి గిటారు, మౌత్ ఆర్గాన్, బాధ నిండిన గొంతు. ఒకరోజు ఒక పాట వస్తుంటే సార్ అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. అది సైన్యంలో చేరే కుర్రాడు ఇంటికి రాసే ఉత్తరమట. అక్కడ మగపిల్లలందరూ సైన్యంలో చేయాలి కదా, వెళ్లేముందు స్నేహితులు అది పాడతారట. ఆ గాయకుడు 1996లోనే పోయారని కూడా సారే చెప్పారు. డేగులో ఆయన పేరుతో ఒక వీధి ఉందంటారు, మీలో ఎవరైనా చూశారా?

సువన్_ఉద్యోగి
చూశాను. తప్పకుండా రాయాలి మీరు, మళ్లీ అడగొద్దు. బాంగ్‌చన్ మార్కెట్ పక్కనే ఉంది ఆ వీధి. గోడ పొడవునా ఆయన బొమ్మలు, పాటల మాటలు. కొత్త సంవత్సరం సెలవులకు మళ్లీ వెళ్తాను, ఫోటోలు తీసి ఇక్కడ పెడతాను. మీ సార్‌కి కూడా చూపించండి.

హోంగ్‌డే_శనివారం
పాతవాళ్లతో పాటు ఇప్పుడు ఎదురుగా వినగలిగేవాళ్లు కూడా ఉన్నారు. సోల్‌లోని హోంగ్‌డే ప్రాంతంలో సెల్లార్ క్లబ్బులకు వెళ్లండి. 1990లలో క్రయింగ్ నట్, నో బ్రెయిన్ లాంటి పంక్ బ్యాండ్లు పుట్టింది ఆ వీధుల్లోనే. ఆగస్టులో ఇంచన్ సొంగ్డోలో పెంటాపోర్ట్ రాక్ ఫెస్టివల్ ఉంటుంది, 2006లో మొదలైంది. ఎండకు టోపీ, నీళ్లు మరవద్దు.

ఒక హెచ్చరిక. ఒక టికెట్ సైటులో నేను మూడు కచేరీలు పోగొట్టుకున్నాను. మన ఇంటిపేరుతో కలిపి ఉన్న పొడుగు పేరు రెసిడెన్స్ కార్డులో ఒకలా, ఫోన్ కంపెనీ దగ్గర ఒకలా నమోదైంది. పేరు సరిపోలక గుర్తింపు దగ్గరే ఆగిపోయింది. టికెట్లు తెరిచే రోజున ఈ టెన్షన్ వద్దు. ముందే ఫోన్ షాపుకి వెళ్లి, ఖాళీలతో సహా కార్డులో ఉన్నట్టే పేరు రాయించుకోండి. చిన్న క్లబ్బుల్లో చాలావరకు గుమ్మం దగ్గరే టికెట్ ఇస్తారు.

డేజాన్_ల్యాబ్
ఇన్ని వస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. మాటలు అర్థం చేసుకోవడం ఎలా మొదలుపెట్టారు?

పోహాంగ్_అక్క
ముందు చదవడం నేర్చుకో. మన గుణింతం వచ్చినవాళ్లకు హంగుల్ కష్టం కాదు. హల్లు, అచ్చు కలిపి ఒక అక్షరం కడతారు. దాని కింద చేరే హల్లును బత్చిమ్ అంటారు. చూడ్డానికి మన ఒత్తులా ఉంటుంది, పలకడం మాత్రం పొల్లులా. నేను వారం రోజుల్లో చదవగలిగాను. ఆ తర్వాత డబ్బు వేసి పాడుకునే కాయిన్ నొరెబాంగ్‌కి ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. అప్పట్లో వెయ్యి వన్‌లకు మూడు నాలుగు పాటలు. పాడవలసిన మాట తెర మీద రంగు మారుతూ పోతుంది, చదివే వేగం దానంతటదే వస్తుంది. ‘నా’ అంటే అక్కడా నేనే, మొదటి రోజే ఆ మాట పట్టేస్తావు. ఒకటే జాగ్రత్త: పాటల్లో ఎక్కువగా ఉండేది ‘నువ్వు’ భాష. అది తీసుకెళ్లి ప్రొఫెసర్ గారి దగ్గర వాడకు.

డేజాన్_ల్యాబ్
అక్కా, వచ్చే నెల ఆ సీనియర్ థీసిస్ డిఫెన్స్, అంటే తన పరిశోధనను పరీక్షకుల ముందు సమర్థించుకోవడం. ఆ రాత్రి మళ్లీ నొరెబాంగ్. ఈసారి ఆయన పాట నేను పాడి వినిపించాలని ఉంది. పాట పేరులో మొదటి మాట ‘ఇరవై’ దగ్గరే నా నోరు తిరగడం లేదు.

పోహాంగ్_అక్క
‘స్ముల్’ కదా. మొదట్లో ‘స్’కూ ‘ము’కూ మధ్య ఒక అచ్చు ఉంది, మనకు దానికి అక్షరం లేదు. ‘సు’ అనబోయి పెదాలు గుండ్రంగా చేయకు, నవ్వేటప్పటిలా పక్కలకు లాగి పట్టు. రోజూ పది సార్లు అను. రికార్డు చేసి ఇక్కడ పెట్టు, వింటాను.