ఏటా డిస్నీ వరల్డ్‌కే వెళ్ళాలనిపిస్తోంది, వెకేషన్ క్లబ్‌లో చేరడం తెలివైన పనేనా?

షార్లెట్‌వాసి అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మేము నార్త్ కరొలినాలోని షార్లెట్‌లో ఉంటాము. పెద్దబ్బాయి ఇంకా చంకదిగని రోజుల్లో, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారికీ మామగారికీ చూపించాలన్న ఉద్దేశంతో మొదటిసారి ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్ళాము. ఒకసారి చూసి వస్తే ఆ ముచ్చట తీరిపోతుందనుకున్నాము కాని, ఆ తరువాత థ్యాంక్స్‌గివింగ్ సెలవులు వచ్చాయంటే మా ఇంట్లో మరో ఊరి పేరు వినిపించడం లేదు. ఐ-77 మీద కొలంబియా దాకా వెళ్ళి, ఐ-26 మీదుగా ఐ-95 అందుకుని, సవానా, జాక్సన్‌విల్ దాటుకుంటూ పోయే ఆ దారిలో ఏ గ్యాస్ స్టేషన్‌లో కాఫీ బాగుంటుందో కూడా నాకు కంఠతా వచ్చేసింది.

ఇందులో పిల్లల ఒత్తిడి ఏమీ లేదని ముందే చెప్పాలి. పెద్దవాడు మిడిల్ స్కూల్‌కు వచ్చాడు, ఎక్కడికి తీసుకువెళ్ళినా వస్తానంటాడు. వెళ్ళాలని పట్టుబట్టేది నేనే. మా అత్తగారికి మాత్రం అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని క్యారసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అంటే ప్రాణం. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారై, 1975 నుంచి ఇక్కడ నడుస్తున్న ఆ పాత ప్రదర్శనలో, మనం కూర్చున్న కుర్చీలే వేదిక చుట్టూ తిరుగుతూ ఒక కుటుంబం తాలూకు వేర్వేరు కాలాలను చూపిస్తాయి. చేతిపంపు, మంచుగడ్డల పెట్టె ఉన్న వంటింట్లోకి కరెంటు తీగలు, ఆ తరువాత గిన్నెలు కడిగే యంత్రం వచ్చి చేరుతుంటే, ఇంగ్లీషు మాటలు సగం అందకపోయినా ఆవిడ తల ఊపుతూ చూస్తారు. బయటికి రాగానే మళ్ళీ ఒకసారి వెళ్దామంటారు.

మావారు మాత్రం, ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉండి ఎల్లోస్టోన్ జాతీయ పార్కు చూడకపోవడం ఏమిటని అడుగుతున్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అయినా సెలవుల సంగతి వచ్చేసరికి నా చేతులు వాటంతట అవే డిస్నీ యాప్ తెరుస్తున్నాయి. పోయినసారి వెళ్ళినప్పుడు డిస్నీవారి వెకేషన్ క్లబ్ (ముందే డబ్బు కట్టి, ఏటా వారి రిసార్టుల్లో గది వాడుకునే పథకం) వివరాలు కూడా తీసుకున్నాను. ఎలాగూ ఏటా వెళ్తున్నప్పుడు సభ్యత్వం తీసుకుంటే కలిసివస్తుందా? అసలు ఇంతగా లాగుతున్నది ఏమిటి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

పాతకాపు:

షార్లెట్‌వాసి గారికి నమస్కారం. మీరు చివర అడిగిన ప్రశ్న నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు తెలియకుండా సభ్యత్వం గురించి నిర్ణయించుకోవడం కష్టం.

ఆ ఆకర్షణ ఊరికే పుట్టింది కాదు. 1955లో కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచాక, దాని చుట్టూ ఇతరుల మోటళ్ళు, దుకాణాలు పుట్టుకొచ్చి, గేటు దాటి బయటికి రాగానే మామూలు లోకం కనిపించేది. అది మళ్ళీ జరగకూడదనే ఫ్లోరిడాలో వేరు వేరు కంపెనీల పేర్లతో గుట్టుగా సుమారు 27,000 ఎకరాలు కొన్నారు. వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరులో కన్నుమూస్తే, ఆయన అన్న రాయ్ విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆ పని నెత్తిన వేసుకుని 1971 అక్టోబరు 1న పార్కు తెరిపించి, అదే ఏడాది డిసెంబరులో తానూ పోయారు. ఆ స్థలం వల్ల వచ్చిన లాభం ఏమిటంటే, మీరు వారి కమాను కింద నుంచి కారు పోనిచ్చింది మొదలు తిరిగి వచ్చేదాకా రోడ్డు, బస్సు, హోటలు, దారి చూపే బోర్డు దాదాపు అన్నీ వారివే. ఆఫీసును, ఇంటి లోన్‌ను, పిల్లల మార్కులను గుర్తుచేసే వస్తువు ఒక్కటీ కంటబడదు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మనం నడిచేది నిజానికి నేల మీద కాదు, రెండో అంతస్తు మీద. ముందున్న సరస్సు కోసం తవ్విన మట్టిని పోసి ఎత్తు పెంచి, కింద సొరంగ మార్గాలు కట్టారు. వేషాలు వేసుకున్నవారు, సరుకులు, చెత్త అన్నీ ఆ కింది దారుల్లోనే తిరుగుతాయి. మెయిన్ స్ట్రీట్ భవనాల పై అంతస్తులను కింది అంతస్తుకన్నా చిన్న కొలతలతో కట్టడం వల్ల అవి ఉన్నదానికన్నా ఎత్తుగా కనిపిస్తాయి. వీధి చివర కనిపించే కోట ఎత్తు 189 అడుగులే అయినా, మొదటిసారి చూసినవారిలో ఎవరూ ఆ మాట నమ్మరు.

ఇవన్నీ మొదటిసారి ఆశ్చర్యపరిచే సంగతులు. మళ్ళీ మళ్ళీ రప్పించేవి వేరే ఉన్నాయి. అక్కడి మరో పార్కు ఎప్‌కాట్‌లో, ఆ పెద్ద తెల్లటి గోళం లోపల చరిత్రను చూపించే సవారీలో, రోమ్ పతనమయ్యే ఘట్టం దగ్గరికి బండి రాగానే చీకట్లో కాలిన కట్టెల వాసన ఒక్కసారిగా ముక్కుకు తగులుతుంది. మొదటిసారి వెళ్ళినవారు ఎక్కడో మంటలు అంటుకున్నాయేమోనని అటూ ఇటూ చూస్తారు, పాతవారు మాత్రం ఆ మలుపుకు ముందే గుండెనిండా ఊపిరి తీసుకోవడానికి సిద్ధమవుతారు. నేను ఆ రెండో జాతివాణ్ణి. ముందే తెలిసిన ఆనందం కోసం ఎదురుచూడడంలో ఒక సుఖం ఉంది, కొత్త ఊళ్ళు దాన్ని ఇవ్వలేవు.

అక్కడితో ఆగితే బాగుండేది. భోజనానికి టేబుల్ కావాలంటే 60 రోజుల ముందు తెల్లవారుజామునే లేవాలి, క్యూ తప్పించుకునే లైట్నింగ్ లేన్ కావాలంటే డిస్నీ హోటల్లో దిగేవారు 7 రోజుల ముందు, బయట దిగేవారు 3 రోజుల ముందు డబ్బు కట్టి వేళలు ఎంచుకోవాలి. నాలుగు రోజుల ప్రయాణం ఆ లెక్కన నెలల తరబడి మన బుర్రలో నడుస్తూనే ఉంటుంది. దీనికి తోడు పార్కు ఎప్పుడూ ఒకేలా ఉండదు. స్ప్లాష్ మౌంటెన్‌ను 2023 జనవరిలో మూసి, 2024 జూన్‌లో అదే చోట టియానా అనే డిస్నీ రాకుమారి పేరుతో మరో సవారీ తెరిచారు. టామ్ సాయర్ దీవిని, దాని చుట్టూ ఉన్న నదిని 2025 జులైలో మూసేశారు. మూసేముందు చివరిసారి చూడడానికి ఒక ప్రయాణం, తెరిచాక మొదటిసారి చూడడానికి ఇంకొకటి. యాప్ మీ చేతిలో తనంతట తాను తెరుచుకోవడానికి కారణం మీ బలహీనత ఒక్కటే కాదండీ, దాని వెనక ఎంతోమంది చదువుకున్నవారి శ్రమ ఉంది.

కృష్ణాతీరం:

నాది మీవారి పక్షం. మా బావగారు కూడా మీలాగే ఏటా వెళ్తూ, తిరుమలకు ఏటా వెళ్ళేవారిని ఎవరూ తప్పుపట్టరు కదా అని సమర్థించుకుంటారు. తిరుమలకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్తాము, డిస్నీ నుంచి మాత్రం మీరు వచ్చే ఏడాదికి కొత్త మొక్కు మొక్కుకుని వస్తున్నారని నేను ఆయనతో అంటూ ఉంటాను.

వెళ్ళవద్దని నేను చెప్పను. అక్కడ పెద్దవారికి చక్రాల కుర్చీ దొరుకుతుంది, శాకాహారానికి లోటు లేదు, పిల్లలు తప్పిపోతారన్న భయం తక్కువ, కాబట్టి అలసిన కుటుంబానికి అది సులువైన సెలవు. నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఖర్చు ఏటా పెరుగుతున్నా, పాత అలవాటు వల్ల ఆ సంగతి మనకు పట్టదు. 1999లో మొదలైన, క్యూ తప్పించుకునే ఫాస్ట్‌పాస్‌కు విడిగా డబ్బు కట్టనవసరం ఉండేది కాదు. 2021 అక్టోబరులో దాని బదులు వచ్చిన జీనీ ప్లస్ (ఇప్పటి లైట్నింగ్ లేన్‌కు ముందుది) రోజుకు మనిషికి 15 డాలర్లతో మొదలైంది. విమానాశ్రయం నుంచి హోటలుకు ఉచితంగా తీసుకువెళ్ళిన బస్సులు 2022 జనవరితో ఆగిపోయాయి. రద్దీ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్కరోజు టికెట్టు దాదాపు 200 డాలర్లు, పైగా పదేళ్ళు నిండిన పిల్లలకు పెద్దల ధరే. మీ పెద్దబ్బాయి ఆ గీత దాటే ఉంటాడు.

లెక్కలమాస్టారు:

సభ్యత్వం సంగతి నేను చెబుతాను. 1991లో మొదలైన వెకేషన్ క్లబ్‌లో మీరు కొనేది గది కాదు, ఒక రిసార్టులో వాటా. దానికి గుర్తుగా ఏటా కొన్ని పాయింట్లు వస్తాయి, వాటితో గది తీసుకుంటారు. మీరు వాటా కొన్న రిసార్టులో 11 నెలల ముందు, మిగతా చోట్ల 7 నెలల ముందు గది పట్టుకోవచ్చు. ఈ ఏడాది వాడని పాయింట్లను వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు, వచ్చే ఏడాదివి ముందుగా వాడుకోనూవచ్చు. ఇంతవరకు బాగానే ఉంటుంది.

మొదట గమనించవలసింది ఏమిటంటే, ఈ పాయింట్లు ముఖ్యంగా గదికే పనికొస్తాయి. టికెట్లు, తిండి, లైట్నింగ్ లేన్ అన్నీ వేరు. రెండోది, మొదట కట్టే పెద్ద మొత్తంతో పని పూర్తికాదు. ప్రతి పాయింటుకూ ఏటా నిర్వహణ రుసుము కట్టాలి, మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా కట్టాలి, అది సాధారణంగా పెరుగుతూనే ఉంటుంది. మూడోది, వాటాకు గడువు ఉంటుంది. ఓల్డ్ కీ వెస్ట్ రిసార్టు ఒప్పందాల్లో చాలావాటికి 2042తో, రివియెరా రిసార్టుకు 2070తో కాలం చెల్లుతుంది. ఆ తరువాత మీ పిల్లలకు మిగిలేది ఫొటోలే. కొనే మొత్తానికి అప్పు తీసుకుంటే వడ్డీతో లెక్క పూర్తిగా తలకిందులవుతుంది, కాబట్టి చేతిలో డబ్బు లేకపోతే ఆ ఆలోచనే మానుకోవడం మంచిది.

పాత సభ్యుల నుంచి తక్కువ ధరకు కొనుక్కోవచ్చని ఎవరైనా చెబితే, వారు చెప్పేది నిజమే కాని పూర్తి నిజం కాదు. 2019 జనవరి తరువాత అలా కొన్న పాత రిసార్టుల పాయింట్లు రివియెరా వంటి కొత్త రిసార్టుల్లో చెల్లవు. రివియెరా పాయింట్లు అలా కొంటే రివియెరాలోనే చెల్లుతాయి.

మీకు ఇంకో దారి ఉంది. వాడుకోలేని పాయింట్లను సభ్యులు అద్దెకు ఇస్తూ ఉంటారు. మధ్యవర్తి సంస్థల ద్వారా అవి తీసుకుంటే అవే గదులు నేరుగా తీసుకునే ధరకన్నా బాగా తక్కువకు వస్తాయి. ప్రయాణం రద్దయితే మాత్రం సాధారణంగా డబ్బు వెనక్కు రాదు. ఒకటి రెండేళ్ళు అలా అద్దెకు తీసుకుని చూడండి. థ్యాంక్స్‌గివింగ్ వారంలో గదికి పాయింట్లు ఎంత ఎక్కువ పడతాయో అప్పుడు మీకే తెలుస్తుంది.

షార్లెట్‌వాసి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, అద్దె సంగతి నాకు తెలియదు, అది నచ్చింది. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలో అలా గది దొరికితే మా అత్తగారికి కూడా సంతోషం. అక్కడి సనా రెస్టారెంటులో నాన్‌లతో పాటు తొమ్మిది రకాల పచ్చళ్ళు, రైతా వగైరా తెస్తారు, కిటికీ అవతల జిరాఫీలు తిరుగుతుంటాయి. ఆవిడ వెల్లుల్లి పచ్చడి రుచి చూసి, ఉప్పు సరిపోయింది కాని కారం చాలలేదని తేల్చారు. మరి ఈ నవంబరుకు మావారి ఎల్లోస్టోన్ కోరిక తీర్చి, డిస్నీని వచ్చే ఏడాదికి వాయిదా వేయడం మంచిదంటారా?

టాంపా గృహిణి:

నవంబరులో ఎల్లోస్టోన్ గురించి ఆలోచించవద్దండీ. ఉత్తర ద్వారం నుంచి ఈశాన్య ద్వారం వైపు వెళ్ళే దారి తప్ప అక్కడి మిగతా రోడ్లను నవంబరు మొదట్లో కార్లకు మూసేసి, మళ్ళీ ఏప్రిల్ మధ్య నుంచి ఒక్కొక్కటిగా తెరుస్తారు. కాబట్టి మీరూ మీవారూ ఒకే సెలవు కోసం పోట్లాడుకోవలసిన పనే లేదు.

మేము డిస్నీ వరల్డ్‌కు గంటన్నర దూరంలో ఉండి, ఫ్లోరిడావాసులకు ఇచ్చే వార్షిక పాస్ తీసుకుని నెలవారీ వాయిదాల్లో కడతాము. పాస్ ఉంటే డబ్బు రాబట్టాలన్న ఆరాటం ఉండదు. సాయంత్రం వెళ్ళి, రెండు సవారీలు ఎక్కి, బాణసంచా చూసి వచ్చేస్తాము. షార్లెట్ నుంచి వచ్చేవారికి ఆ వెసులుబాటు లేదు. ఏడాదికి ఒక్కసారి వచ్చేవారు ఇతర రాష్ట్రాలవారికి అమ్మే ఇన్‌క్రెడి పాస్ అనే వార్షిక పాస్ జోలికి పోనవసరం లేదు. పెద్దబ్బాయికి ఇంకా ఒళ్ళు గగుర్పొడిచే సవారీలు కావాలంటే, 2025 మే నెలలో యూనివర్సల్ వారు తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కు అక్కడికి దగ్గర్లో, ఆర్లాండోలోనే ఉంది, వాణ్ణి ఒకరోజు అక్కడికి పంపండి.

ఎల్లోస్టోన్‌కు వచ్చే జూన్‌లో వెళ్ళదలిస్తే, పార్కు లోపలి లాడ్జీలు కూడా చాలా నెలల ముందే నిండిపోతాయి. ఆ గది బుక్ చేసే పని మాత్రం మీవారికి వదిలిపెట్టవద్దు, మీకు అందులో చేయి తిరిగింది.