డాస్ కంప్యూటరులో నెట్‌వర్క్ కార్డు: ప్యాకెట్‌ఇంట్ ఎదుట ఏ అంకె వేయాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

మా నాన్నగారు కొట్టు లెక్కలు రాసుకున్న 486 కంప్యూటరు ఇప్పటికీ నడుస్తోంది గాని, ఫ్లాపీ డ్రైవు ఒకసారి చదివితే రెండుసార్లు మొరాయిస్తూండటంతో, లెక్కల ఫైళ్లను బయటికి తీయడానికి ఎన్‌ఈ2000 తరహా ఐఎస్ఏ నెట్‌వర్క్ కార్డు పెట్టాను. కార్డును నడిపే ప్యాకెట్ డ్రైవరుకు 0ఎక్స్60, ఐఆర్‌క్యూ 3, పోర్టు 0ఎక్స్300 అని ఇస్తే కార్డు ఈథర్నెట్ చిరునామా తెర మీద సరిగానే వస్తోంది. డాస్ నెట్‌వర్క్ ప్రోగ్రాముల కట్ట ఎంటీసీపీలో, ఐపీ చిరునామా అడిగి తెచ్చే డీహెచ్‌సీపీకి మాత్రం ఎంతసేపటికీ అది దొరకడం లేదు. ఎంటీసీపీ సెట్టింగుల ఫైలులో ప్యాకెట్‌ఇంట్ అనే పేరు ఎదుట 3 వేయాలా, 0ఎక్స్60 వేయాలా?

జవాబు (బరంపురం నుంచి)

0ఎక్స్60 వేయాలండీ. అది ప్రోగ్రాములు డ్రైవరును పిలిచే సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్. ఐఆర్‌క్యూ అయితే కార్డు ప్రాసెసరును పిలిచే తీగ. రెండింటినీ ఇంటరప్ట్ అనే అనడంతో ఈ తికమక చాలామందికి వస్తుంది. అయితే మీ చిక్కు ఫైలులో ఉందనుకోను. ఈథర్నెట్ చిరునామాను డ్రైవరు పోర్టు ద్వారా నేరుగా చదువుతుంది కాబట్టి, ఐఆర్‌క్యూ తప్పినా అది సరిగానే కనబడుతుంది. వచ్చిన ప్యాకెట్ల కబురు మాత్రం డ్రైవరుకు అందదు. ఐఆర్‌క్యూ 3 మామూలుగా కామ్2 అనే సీరియల్ పోర్టుది. కార్డు 16 బిట్ల స్లాటులో ఉంటే 10కి మార్చి చూడండి. రియల్‌టెక్ 8019 చిప్పు అయితే దాని సెటప్ ప్రోగ్రాములో ప్లగ్ అండ్ ప్లే ఆపిన తరువాతే ఆ మార్పు నిలుస్తుంది. డ్రైవరును ఎక్కించే ఆదేశంలోనూ 10 అనే ఇవ్వాలి.

జవాబు (రాయగడ నుంచి)

పై మాటకు చిన్న చేర్పు. ఎంటీసీపీ ఫైలులో పేరుకూ విలువకూ మధ్య ఖాళీ చాలు, సమాన గుర్తు ఉండకూడదు. ఆ గుర్తు వాట్‌టీసీపీ అనే మరో డాస్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పద్ధతి. ఫైలు ఎక్కడుందో, కంప్యూటరు మొదలవగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైలులో ఎంటీసీపీసీఎఫ్‌జీ అనే చరరాశితో చెప్పాలి. డీహెచ్‌సీపీ తనకు దొరికిన ఐపీని ఆ ఫైలులోనే రాస్తుంది కాబట్టి, దానిని రైట్ ప్రొటెక్ట్ చేసిన ఫ్లాపీలో ఉంచకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కామ్2కు ఏమీ తగిలించలేదు కదా, 3 ఖాళీయే అనుకున్నాను. 10కి మార్చగానే ఐపీ వచ్చింది. లెక్కల ఫైళ్లన్నీ ఎఫ్‌టీపీ ద్వారా ల్యాప్‌టాపులోకి చేరాయి.